మిగులు సోలార్ కరెంటుతో వేడినీళ్లు: బ్యాటరీ ఉన్న ఇంట్లో ఎలా అమర్చుకోవాలి

మధ్యాహ్నానికే బ్యాటరీ నిండిపోతుంది. ఇంట్లో ఫ్రిజ్, రెండు ఫ్యాన్లు తప్ప ఏమీ నడవవు. పైన సోలార్ పలకలు మాత్రం ఇంకా రెండు మూడు కిలోవాట్లు ఇవ్వడానికి సిద్ధంగా ఉంటాయి. గ్రిడ్ ఉన్న ఇంట్లో ఆ కరెంటు బయటికి వెళ్లిపోతుంది, గ్రిడ్ లేని ఇంట్లో పుట్టకముందే ఇన్వర్టర్ ఆపేస్తుంది. చీకటిపడ్డాక గీజర్ స్విచ్ వేస్తే, పొద్దంతా కూడబెట్టిన బ్యాటరీ గంటన్నరలో ఖాళీ అవుతుంది. ఈ రెండింటికీ మందు ఒకటే: ఎండ ఉండగానే, బ్యాటరీకి అక్కర్లేని కరెంటుతో నీళ్లు కాచి దాచుకోవడం. పని చిన్నదే. అయితే వైర్లు ఎక్కడ కలుపుతున్నామో, సీటీ క్లాంప్ (తీగ చుట్టూ తగిలిస్తే అందులో పారే కరెంటును కొలిచే సెన్సర్) ఎక్కడ తగిలిస్తున్నామో తెలియకుండా చేస్తే ఉన్న బ్యాటరీ కూడా నీళ్లపాలవుతుంది.

ముందు లెక్క: మీకు ఇది అవసరమా?

ఒక లీటరు నీటిని ఒక డిగ్రీ వేడి చేయడానికి 1.163 వాట్-అవర్లు కావాలి. ఈ ఒక్క అంకె గుర్తుంటే చాలు. 150 లీటర్ల ట్యాంకును 25 నుంచి 60 డిగ్రీలకు తేవాలంటే 150 × 35 × 1.163, అంటే సుమారు 6.1 యూనిట్లు. 200 లీటర్లయితే 8.1. గోడకు తగిలించే 25 లీటర్ల గీజర్ పట్టుకునేది ఒక యూనిట్ మాత్రమే. అంత చిన్న గీజర్‌కు డైవర్టర్, అంటే మిగులు కరెంటును హీటర్‌కు మళ్లించే పరికరం, పెట్టడం దండగ, మధ్యాహ్నం నడిచేలా ఒక టైమర్ సరిపోతుంది. ఈ పద్ధతికి అసలు విలువ 120 లీటర్లు దాటిన, మందమైన ఇన్సులేషన్ ఉన్న ట్యాంకులోనే తెలుస్తుంది.

ఇప్పుడు మీ మిగులు ఎంతో చూడండి. ఇన్వర్టర్ యాప్‌లో కనీసం రెండు వారాల లెక్కలు తీసి రోజువారీ ఎక్స్‌పోర్ట్, అంటే గ్రిడ్‌లోకి పోయిన కరెంటు, రాసుకోండి. ఉదాహరణకు 5 కిలోవాట్ల పలకలు ఒక మంచి రోజున 20 యూనిట్లు ఇచ్చాయనుకుందాం. పగటి వాడకం 6. పది యూనిట్ల బ్యాటరీ 20 శాతం నుంచి నిండటానికి, ఛార్జింగ్ నష్టంతో కలిపి, 8.4 తీసుకుంటుంది. మిగిలేది 5.6. పైన చెప్పిన 150 లీటర్ల ట్యాంకుకు ఇది దాదాపు సరిపోయింది. మబ్బు రోజుల్లో ఈ మిగులు సున్నా కావచ్చు, అందుకే సగటు చూసి మోసపోకుండా ఒక్కో రోజును విడిగా చూడండి.

ఇంకొకటి, నిర్మొహమాటంగా చెప్పాల్సింది. మీరు బయటికి పంపే యూనిట్‌కూ, లోపలికి తీసుకునే యూనిట్‌కూ ఒకే ధర కడుతున్న ఏర్పాటు ఉంటే, గ్రిడ్డే మీ గిడ్డంగి. అక్కడ డైవర్టర్ వల్ల పైసా లాభం లేదు. బయటికి పంపినదానికి తక్కువ ధర వస్తున్నా, అసలు పంపనివ్వకపోయినా, గ్రిడ్ లేకపోయినా మాత్రమే ముందుకు వెళ్లండి.

బ్యాటరీ ముందా, నీళ్లు ముందా?

చాలామంది ఆలోచించకుండా "బ్యాటరీ ముందు" అంటారు. చాలా ఇళ్లలో అది సరైనదే, అన్నిచోట్లా కాదు.

బ్యాటరీలో వేసిన ఒక యూనిట్ తిరిగి ఇంటి తీగల్లోకి వచ్చేసరికి, ఇన్వర్టర్ నష్టాలతో కలిపి, లిథియం ఐరన్ ఫాస్ఫేట్ అయితే 0.85 నుంచి 0.9 వరకు ఉంటుంది. లెడ్ యాసిడ్ అయితే 0.7–0.8. అదే యూనిట్ నేరుగా నీళ్లలో వేస్తే మొత్తం వేడిగా మారుతుంది. కాబట్టి రోజంతా కరెంటు ధర ఒకటే ఉండి, సరఫరా ఆగకుండా ఉండి, ఆ నీళ్లను ఎలాగూ కరెంటుతోనే కాచుకునే ఇంట్లో నీళ్లకే ముందు ఇవ్వడం కాస్త మెరుగు. సాయంత్రం ధర ఎక్కువున్నా, కరెంటు పోతూ ఉన్నా, నీళ్లు గ్యాస్‌తో చవకగా కాగుతున్నా బ్యాటరీయే ముందు. బ్యాటరీలోని కరెంటు దీపమూ వెలిగిస్తుంది, మోటారూ తిప్పుతుంది. వేడినీళ్లు వేడినీళ్లుగా తప్ప పనికిరావు.

ఏ వరస పెట్టుకున్నా మారని నియమం ఒకటుంది: బ్యాటరీ నుంచి హీటర్‌లోకి కరెంటు పారకూడదు. ఒకసారి బ్యాటరీలో దూర్చి, నష్టపోయి, దాని ఆయుష్షులో కొంత ఖర్చుపెట్టి, మళ్లీ తీసి నీళ్లలో పోయడం అన్నివిధాలా నష్టం. ఈ వ్యాసంలో వైరింగ్ గురించి చెప్పేదంతా ఈ నియమం కోసమే.

మూడు దారులు

మొదటిది, సాదా రిలే, అంటే ఇన్వర్టర్ చెప్పినప్పుడు హీటర్‌ను ఆన్, ఆఫ్ చేసే స్విచ్. పలకలనూ బ్యాటరీనీ కలిపి నడిపే చాలా హైబ్రిడ్ ఇన్వర్టర్లలో ఒక డ్రై కాంటాక్ట్ (రిలేకు సంకేతం ఇచ్చే టెర్మినల్) గానీ, స్మార్ట్ లోడ్ అనే అవుట్‌పుట్ గానీ ఉంటుంది. బ్యాటరీ ఛార్జ్ 95 శాతం దాటి, పలకల ఉత్పత్తి హీటర్ వాట్ల కంటే ఎక్కువ ఉంటేనే ఆన్, ఛార్జ్ 88–90కి పడితే ఆఫ్ అని పెట్టుకోవాలి. ఆన్‌కీ ఆఫ్‌కీ మధ్య ఈ ఎడం తప్పనిసరి. రెండూ 95 దగ్గరే పెడితే మబ్బు కదిలినప్పుడల్లా కాంటాక్టర్ (ఎక్కువ కరెంటును మోసే పెద్ద రిలే) టకటకలాడుతుంది, ఏడాది తిరక్కుండా దాని కాంటాక్టులు కాలిపోతాయి. ఆన్ అయ్యాక కనీసం 5–10 నిమిషాలు నడవాలని కూడా పెట్టండి. ఈ దారిలో హీటర్ చిన్నదైతేనే మంచిది. 3 కిలోవాట్ల ఎలిమెంట్ ఆన్ అయితే పలకలు దాన్ని మోయలేక మిగతాది బ్యాటరీ పెడుతుంది. 1 కిలోవాట్ ఎలిమెంట్ నాలుగైదు గంటలు నిదానంగా నడిస్తే అదే పని హాయిగా అవుతుంది.

ఇక్కడ ఒక మంచి ఉపాయం ఉంది. ట్యాంకులో 1500 వాట్ల ఎలిమెంట్లు రెండు ఉంటే, రెండింటినీ వరసగా, అంటే సిరీస్‌లో కలిపితే మొత్తం 750 వాట్లు, ఒక్కటే వాడితే 1500, పక్కపక్కన ప్యారలల్‌లో 3000. రెండు మూడు కాంటాక్టర్లతో మూడు మెట్లు దొరుకుతాయి, ఎలక్ట్రానిక్ డైవర్టర్ అక్కర్లేదు. కాంటాక్టర్ల మధ్య ఇంటర్‌లాక్, అంటే కలిసి పడకూడనివి ఒకేసారి పడకుండా ఆపే ఏర్పాటు, పెట్టడం మాత్రం తెలిసిన ఎలక్ట్రీషియన్ చేయాల్సిన పని.

రెండోది డైవర్టర్. మీటర్ దగ్గర ఒక సీటీ క్లాంప్ తగిలిస్తే, బయటికి ఎంత పోతోందో క్షణక్షణం చూసి అంతే శక్తిని హీటర్‌కు పంపుతుంది. 400 వాట్లు మిగిలితే 400, రెండు వేలు మిగిలితే రెండు వేలు. ఇది లోపల మూడు రకాలుగా పనిచేస్తుంది. ఫేజ్ కోసే రకం ప్రతి తరంగంలో కొంత ముక్కే పంపుతుంది. మృదువుగా నడుస్తుంది కానీ ఫిల్టర్ సరిగా లేకపోతే రేడియోలో గోల, తీగల్లో హార్మోనిక్స్ (తరంగం ఆకారం చెడటం). తరంగాలను గుత్తులుగా పంపే బర్స్ట్ రకం సున్నా దగ్గరే తెరిచి మూస్తుంది. గోల తక్కువ, కానీ హీటర్ సెకనులో కొంతసేపు పూర్తి శక్తితో, కొంతసేపు ఖాళీగా ఉంటుంది. దీపాలు మిణుకుమంటాయి. అంతకన్నా ముఖ్యంగా, బ్యాటరీ ఇన్వర్టర్ తన కొలతలో ఓసారి 3 కిలోవాట్లు, మరోసారి సున్నా చూసి తికమకపడుతుంది. వేగంగా కోసి ఫిల్టర్ చేసే పీడబ్ల్యూఎం రకం ఖరీదెక్కువైనా బ్యాటరీ ఉన్న ఇంటికి అదే సరైనది.

మూడోది హీట్ పంప్ వాటర్ హీటర్. ఒక యూనిట్‌తో సుమారు మూడు యూనిట్ల వేడి ఇస్తుంది, కాబట్టి 150 లీటర్లకు రెండు యూనిట్లు చాలు. మిగులు తక్కువగా ఉండే ఇంటికి ఇదే ఉత్తమం. కానీ దాన్ని డైవర్టర్‌కు ఎప్పుడూ కలపకండి. కోసిన తరంగం కంప్రెసర్ మోటారును, దాని బోర్డును పాడుచేస్తుంది. దానికున్న కంట్రోల్ కాంటాక్ట్‌ను ఇన్వర్టర్ రిలేతో కలిపి, ఒకసారి మొదలైతే కనీసం అరగంట నడిచేలా పెట్టండి.

సీటీ ఎక్కడ పెట్టాలి

డైవర్టర్ పెట్టినవాళ్లలో ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. కాస్త ఓపికగా చదవండి.

బ్యాటరీకి ఒక సీటీ, డైవర్టర్‌కు ఒక సీటీ ఉంటాయి. రెండింటినీ మీటర్ పక్కన ఒకే తీగకు తగిలించారనుకోండి. రెండూ ఒకే మిగులును చూస్తాయి. డైవర్టర్ సెకనులోపే స్పందిస్తుంది, బ్యాటరీకి సాధారణంగా కొన్ని సెకన్లు పడుతుంది. డైవర్టర్ ముందే మొత్తం లాగేసుకుంటుంది, బ్యాటరీ ఆకలితో ఉంటుంది. తర్వాత మబ్బు పడుతుంది. ఇప్పుడు హీటర్ ఇంకా తగ్గకముందే బ్యాటరీ "ఇంట్లో లోడ్ ఉంది" అనుకుని కరెంటు ఇవ్వడం మొదలుపెడుతుంది. ఒకటి ఎక్కుతుంటే ఒకటి దిగుతూ రెండూ గుంజులాడుకుంటాయి. యాప్‌లో గ్రాఫ్ రంపంపళ్లలా కనిపిస్తే జబ్బు ఇదే.

మందు తీగల వరసలో ఉంది. మీటర్ నుంచి ఇంటివైపు నడుస్తూ వెళ్లండి. మొదట డైవర్టర్ సీటీ. తర్వాత హీటర్‌కు వెళ్లే పాయ. ఆ పాయ విడిపోయాక బ్యాటరీ సీటీ. దాని తర్వాత ఇంటి బోర్డు, సోలార్, బ్యాటరీ ఇన్వర్టర్. ఇప్పుడు బ్యాటరీ కంటికి హీటర్ అనేదే లేదు. ఇంటి మిగులు ఎంతుంటే అంత తాను తీసుకుంటుంది, తన సీటీని దాటి పొర్లిపోయింది మాత్రమే డైవర్టర్‌కు కనిపిస్తుంది. వరస దానంతటదే బ్యాటరీ ముందు, నీళ్లు తర్వాత అవుతుంది, బ్యాటరీ నుంచి హీటర్‌కు చుక్క కూడా పారదు. బ్యాటరీ ఒకేసారి 2.5 కిలోవాట్లకు మించి తీసుకోలేకపోతే పైది అప్పుడే నీళ్లకు వెళుతుంది, నిండేదాకా ఆగక్కర్లేదు.

బోర్డు అమరిక వల్ల ఇలా వీలుకాకపోతే రెండో మార్గం డైవర్టర్ సెట్టింగుల్లో ఉంది. 100 వాట్లు బయటికి పోతుంటేనే మొదలవ్వాలని పెట్టండి. ఆ వంద వాట్ల తేడాను బ్యాటరీ నెమ్మదిగా తనవైపు లాక్కుంటుంది. బండి లాగుతుంది కానీ మొదటి పద్ధతంత శుభ్రంగా కాదు.

బయటికి కరెంటు పంపకూడదని ఇన్వర్టర్‌లో జీరో ఎక్స్‌పోర్ట్ పెట్టి ఉన్నవాళ్లు గమనించాల్సింది: ఆ ఇన్వర్టర్ తన సీటీ దగ్గర మిగులు కనబడగానే పలకలనే తగ్గించేస్తుంది. ఇక డైవర్టర్‌కు చూడటానికి మిగులే ఉండదు, రోజంతా సున్నా చూపిస్తూ కూర్చుంటుంది. గ్రిడ్ లేని ఇంట్లోనూ అంతే. అలాంటిచోట మొదటి దారి, అంటే ఛార్జ్ శాతం చూసి ఆన్ అయ్యే రిలేయే పెట్టుకోండి. లిథియం ఐరన్ ఫాస్ఫేట్‌కు వోల్టేజీ చూసి ఆన్ చేసే పద్ధతి నమ్మొద్దు. 20 నుంచి 90 శాతం దాకా దాని వోల్టేజీ దాదాపు ఒక్కచోటే నిలబడుతుంది. బ్యాటరీని కాపలా కాసే బోర్డు, అంటే బీఎంఎస్, చెప్పే శాతమే ఆధారం.

సామాను, వైరింగ్

230 వోల్టుల దగ్గర 3 కిలోవాట్ల ఎలిమెంట్ 13 ఆంపియర్లు, 2 కిలోవాట్లది 8.7 ఆంపియర్లు లాగుతుంది. 2.5 స్క్వేర్ ఎంఎం రాగి తీగ, 16 ఆంపియర్ల ఎంసీబీ, కరెంటు ఎర్త్‌లోకి కారితే తెంపే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ, ఫేజునూ న్యూట్రల్‌నూ రెండింటినీ తెంపే ఐసొలేటర్, గట్టి ఎర్త్. బోర్డు దూరంగా ఉంటే 4 స్క్వేర్ ఎంఎం వేయండి.

ప్లగ్గు, సాకెట్ వాడకండి. గీజర్ ఇప్పటిదాకా రోజుకు ఇరవై నిమిషాలు నడిచేది, ఇప్పుడు వరసగా ఐదు గంటలు నడుస్తుంది. సాకెట్‌లోని స్ప్రింగు పట్టు కొంచెం సడలి ఉన్నా చాలు, మొదటి గంటలో వేడెక్కుతుంది, మూడో గంటకు ప్లాస్టిక్ పసుపు రంగుకు తిరుగుతుంది, ఆ తర్వాత వచ్చేది కాలిన వాసన. తీగను నేరుగా ఐసొలేటర్ నుంచి ఎలిమెంట్ టెర్మినల్‌కు బిగించండి. నెల తిరిగాక కరెంటు తీసేసి ఆ స్క్రూలను మరోసారి బిగించండి. రోజూ వేడెక్కి చల్లారడం వల్ల అవి వదులవుతాయి.

కదిలే కాంటాక్టులు లేని సాలిడ్ స్టేట్ రిలే వాడితే 13 ఆంపియర్లకు 40 ఆంపియర్లది, దానికి అల్యూమినియం హీట్‌సింక్ తప్పనిసరి, ఎందుకంటే అది ఒక్కటే 15 వాట్ల దాకా వేడి పుట్టిస్తుంది. చెడిపోతే అది చాలాసార్లు మూసుకుపోయిన స్థితిలోనే నిలిచిపోతుంది, అంటే హీటర్ ఆగదు. అందుకే దాని మీదే ఆధారపడకుండా వరసలో మామూలు థర్మోస్టాట్, దాని తర్వాత నీళ్లు హద్దు మీరి కాగితే తెంపే, చేత్తో రీసెట్ చేయాల్సిన హై లిమిట్ కటాఫ్ ఉండాలి. డిస్‌ప్లే, ఎలక్ట్రానిక్ బోర్డు ఉన్న గీజర్‌ను డైవర్టర్‌కు కలపకూడదు. కోసిన కరెంటుకు ఆ బోర్డు నిలవదు.

పలకల డీసీ కరెంటును నేరుగా గీజర్‌కు ఇస్తే సరిపోదా అని కొందరు అడుగుతారు. ఎలిమెంట్‌కు డీసీ అయినా ఏసీ అయినా ఒకటే, థర్మోస్టాట్‌కు కాదు. ఏసీ సెకనుకు వందసార్లు సున్నాను దాటుతుంది కాబట్టి కాంటాక్ట్ తెరుచుకోగానే నిప్పురవ్వ ఆరిపోతుంది. డీసీకి ఆ సున్నా లేదు. రవ్వ ఆర్క్‌గా నిలిచి కాంటాక్టులను అతికించేస్తుంది. ఇక నీళ్లు ఎంత కాగినా కరెంటు ఆగదు. ఈ ఒక్క తప్పుతో ట్యాంకు పేలే దాకా వెళ్లవచ్చు. చేయకండి.

ట్యాంకు సంగతి

ఎలిమెంట్ కింద ఉంటే మొత్తం ట్యాంకు కాగుతుంది, పైన ఉంటే దాని పైభాగమే. రెండూ ఉన్న నిలువు ట్యాంకు దొరికితే కిందిదాన్ని సోలార్‌కు, పైదాన్ని మబ్బు రోజుల సాయంత్రానికి కేటాయించండి. సాయంత్రం ఐదింటికి పైభాగం 45 డిగ్రీలకు తక్కువుంటే టైమర్ పైఎలిమెంట్‌ను కాసేపు నడిపేలా పెడితే ఇంట్లో ఎవరికీ చన్నీళ్ల బాధ ఉండదు.

థర్మోస్టాట్ 60 నుంచి 65 డిగ్రీల మధ్య పెట్టండి. తక్కువ పెడితే లెజియోనెల్లా అనే బ్యాక్టీరియాకు చోటు ఇచ్చినట్టే. అది 20 నుంచి 45 డిగ్రీల మధ్య పెరుగుతుంది. ఎక్కువ పెడితే ఉప్పునీళ్లలో గార త్వరగా పడుతుంది. 60 డిగ్రీల నీళ్లు కొన్ని సెకన్లలోనే చర్మాన్ని బొబ్బలెక్కిస్తాయి. పిల్లలు, ముసలివాళ్లు ఉన్న ఇంట్లో ట్యాంకు దాటగానే ఒక మిక్సింగ్ వాల్వ్ పెట్టి, కుళాయికి 45 డిగ్రీలకు మించి రాకుండా చూడండి. దానివల్ల ఇంకో లాభం: 60 డిగ్రీల 150 లీటర్లలో 25 డిగ్రీల నీళ్లు కలిపితే 40 డిగ్రీల స్నానం నీళ్లు లెక్కప్రకారం 350 లీటర్లు అవుతాయి. వాడుతుంటే లోపల పొరలు కలిసిపోతాయి కాబట్టి చేతికి వచ్చేది కొంత తక్కువ.

150 లీటర్లు 25 నుంచి 60కి కాగేటప్పుడు రెండు లీటర్లకు పైగా వ్యాకోచిస్తాయి. ఆ నీటికి దారి ఉండాలి: పైకి తెరిచిన పైపో, ఎక్స్‌పాన్షన్ వెసెలో. దాంతోపాటు ఉష్ణోగ్రత, పీడనం రెండింటికీ తెరుచుకునే రిలీఫ్ వాల్వ్, ట్యాంకు మీద రాసిన పీడనానికి సరిపడేది. కాగుతున్నప్పుడు ఆ వాల్వ్ నుంచి చుక్కలు పడుతుంటే కంగారుపడి బిరడా వేసి మూయకండి. వేడి పైపు మొదటి రెండు మీటర్లకు ఫోమ్ చుట్టండి. మంచి ఇన్సులేషన్ ఉన్న ట్యాంకు రోజుకు ఒకటి, ఒకటిన్నర యూనిట్లు పోగొట్టుకుంటుంది. పలచటిదైతే అంతకు రెట్టింపు, అంటే మీరు దాచినదాంట్లో సగం.

నడిపి చూడటం

మొదట ట్యాంకు నింపి, కుళాయిలో గాలి లేకుండా నీళ్లు ధారగా వచ్చాకే కరెంటు ఇవ్వండి. నీళ్లు లేని ఎలిమెంట్ ఒక్క నిమిషంలో కాలిపోతుంది.

బాగా ఎండ ఉన్న మధ్యాహ్నం, బ్యాటరీ నిండాక చూడండి. హీటర్ నడుస్తూ, మీటర్ దగ్గర ఎక్స్‌పోర్ట్ దాదాపు సున్నా ఉండాలి. ఇప్పుడు వంటింట్లో 2 కిలోవాట్ల కెటిల్ ఆన్ చేయండి. కొన్ని సెకన్లలో హీటర్ అంతమేర తగ్గాలి. తగ్గకుండా ఇంకా పెరిగితే సీటీ తలకిందులుగా ఉంది, బాణం గుర్తు తిప్పి పెట్టండి. మూడు ఫేజుల ఇంట్లో అంకెలు వింతగా ఊగుతుంటే సీటీ ఒక ఫేజు మీద, డైవర్టర్ సరఫరా మరో ఫేజు మీద ఉన్నాయి.

రాత్రి ఎనిమిదింటికి మరోసారి చూడండి. హీటర్ పూర్తిగా సున్నా ఉండాలి. పది ఇరవై వాట్లు కారుతున్నా డైవర్టర్ సెట్టింగుల్లో ఆఫ్‌సెట్ (సున్నా కొలత) సరిచేయండి.

గ్రిడ్ ఉన్న ఇంట్లో చివరి పరీక్ష మెయిన్ స్విచ్ దించి చేయాలి. గ్రిడ్ పోయినప్పుడు హీటర్ ఆగిపోవాలి. ఇన్వర్టర్ బ్యాకప్ అవుట్‌పుట్ వైపు పొరపాటున కలిపి ఉంటే అది బ్యాటరీ మీద నడుస్తూనే ఉంటుంది. 5 యూనిట్ల బ్యాటరీ 3 కిలోవాట్ల హీటర్‌కు రెండు గంటలు కూడా ఆగదు. కరెంటు పోయిన రాత్రి ఈ తప్పు బయటపడితే చీకట్లో కూర్చోవడమే.

తర్వాత వచ్చే చిక్కులు

ట్యాంకు పాడుతున్నట్టు, ఈల వేస్తున్నట్టు సన్నటి చప్పుడు వస్తే ఎలిమెంట్‌కు గార పట్టింది. ఉప్పునీళ్లున్నచోట ఏడాదికొకసారి ఎలిమెంట్ విప్పి శుభ్రం చేయాలి. లేకపోతే గార కింద లోహం అతిగా వేడెక్కి పగులుతుంది, నీళ్లు లోపలికి దిగి ఆర్‌సీసీబీ పడిపోతుంది. ఎండ బాగా ఎక్కాక, హీటర్ మొదలైన పది నిమిషాలకే ఆర్‌సీసీబీ పడుతుంటే ముందు ఎలిమెంట్‌నే అనుమానించండి. దాన్ని విడదీసి ఇన్సులేషన్ టెస్టర్‌తో ఎర్త్‌కు కొలవండి. విడదీశాక ఆర్‌సీసీబీ నిలబడితే దోషి అదే.

మెగ్నీషియం యానోడ్ (ట్యాంకు బదులు తాను అరిగిపోయే కడ్డీ) ఉన్న ట్యాంకులో దాన్ని కూడా అదేరోజు విప్పి చూడండి. వేలిలావు కడ్డీ పెన్సిలంత సన్నబడి ఉంటే మార్చేయండి, లేదంటే తర్వాతి వంతు ట్యాంకు లోపలి గోడది.

ఎండాకాలంలో ట్యాంకు పదకొండింటికే 60కి చేరి థర్మోస్టాట్ తెంపేస్తుంది, ఆ తర్వాత మిగులు మళ్లీ బయటికి పోతుంది. అది లోపం కాదు, ట్యాంకు నిండింది. ఆ రోజుల్లో బట్టలు ఉతికే యంత్రాన్ని మధ్యాహ్నానికి జరపండి. చలికాలం మొదలయ్యాక రిలే పరిమితులు ఒకసారి తిరిగి చూసుకోండి. పగలు కురచ కాబట్టి 95 శాతం అని పెట్టినచోట బ్యాటరీ ఆ గీత దాటేసరికే మూడవుతుంది, నీళ్లకు గంట కూడా మిగలదు. ఆ నెలల్లో ఆన్ గీతను 85కి దించి, ఆఫ్ గీతను కూడా అంతే మేర దించి, రాత్రికి బ్యాటరీ ఎంత మిగులుతోందో వారం రోజులు చూసి ఖాయం చేసుకోండి.